మాంసానికో ట్రే, కూరగాయలకో ట్రే

ఇంగ్లాండులోని తెలుగు కుటుంబాల కోసం అక్టోబరులో రెడింగ్‌లో జరిగిన వంటల కూడికలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.

అందరికీ నమస్కారం. వెనకదాకా వినిపిస్తోందా అండీ? వినిపించకపోతే చెయ్యెత్తండి. సరే, ఎవరూ ఎత్తలేదు.

ఇవాళ మన విషయం పోర్క్‌తో చేసే ఆదివారం రోస్ట్‌ని తేలిగ్గా వండుకోవడం. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ హాల్లో పోర్క్ తినేవాళ్ళున్నారు, తినని వాళ్ళున్నారు, ఇంట్లో తినరు గానీ బయట తినేవాళ్ళూ ఉన్నారు. ఆ మూడో రకాన్ని చేతులెత్తమని అడగను లెండి, పక్కనే అత్తగార్లు కూర్చుని ఉన్నారు. ఎవరికీ ఇబ్బంది లేదు. ఇవాళ చెప్పబోయేదాంట్లో చాలా భాగం కూరగాయల గురించే. పోర్క్ తిననివాళ్ళకి కూడా పనికొచ్చేలా ఈ భోజనం ఎలా వండాలన్నది కూడా మన విషయమే.

ఆదివారం రోస్ట్ అంటే ఏమిటో మీ అందరికీ తెలుసు. ఆఫీసులో ఎవరో ఒకరు ఇంటికి పిలిచే ఉంటారు, లేకపోతే పబ్‌లో తినే ఉంటారు. పెద్ద మాంసం ముక్క, దాని చుట్టూ ఆలుగడ్డలు, రెండు మూడు రకాల కూరగాయలు, అన్నిటి మీదా గ్రేవీ. తిన్నాక సోఫాలో కూలబడితే సాయంత్రం దాకా లేవలేం. "బాగుందండీ, కానీ బరువు" అంటారు మనవాళ్ళు. నిజమే, బరువే. ఆ బరువు ఎక్కడినుంచి వస్తోంది? మాంసం నుంచి అని చటుక్కున అనేస్తాం. సగమే నిజం. మాంసంలోంచి కారిన కొవ్వు ఎక్కడికి పోతోందో ఎప్పుడైనా చూశారా? ట్రేలోకి. ట్రేలో ఏమున్నాయి? ఆలుగడ్డలు, క్యారెట్లు, ఉల్లిపాయలు. అవన్నీ ఆ కొవ్వుని తాగేస్తాయి. మిగిలినదాన్ని పిండి వేసి గ్రేవీ చేసి మళ్ళీ పైన పోస్తాం. అంటే ఒకే కొవ్వుని మూడుసార్లు తింటున్నాం. ముక్కతో ఒకసారి, ఆలుగడ్డతో ఒకసారి, గ్రేవీతో ఒకసారి.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. మాంసానికో ట్రే, కూరగాయలకో ట్రే. రెంటినీ కలపొద్దు. ఇది చేస్తే సగం పని అయిపోయినట్టే.

కొవ్వు సంగతి అలా ఉంచి, దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మాంసానికి కావలసిన వేడి వేరు, కూరగాయలకి కావలసిన వేడి వేరు. కొవ్వు తక్కువ ఉన్న మాంసం నెమ్మదిగా వేగాలి. గుమ్మడి, క్యారెట్ లాంటివి గట్టి సెగ మీద అంచులు ఎర్రబడాలి. రెంటినీ ఒకే ట్రేలో పెడితే ఏదో ఒకటి పాడవుతుంది. సాధారణంగా రెండూ పాడవుతాయి! మాంసం పీచుపీచుగా, కూరగాయలు మెత్తగా, నూనె కారుతూ.

ఇక ఏ ముక్క కొనాలి? కసాయి షాపులోనో సూపర్ మార్కెట్‌లోనో పోర్క్ బెల్లీ, షోల్డర్, లెగ్, లోయిన్, ఫిల్లెట్ అని ఉంటాయి. బెల్లీ అంటే పొట్ట భాగం, షోల్డర్ భుజం, లెగ్ తొడ, లోయిన్ వెన్ను భాగం, ఫిల్లెట్ వెన్ను లోపలివైపు ఉండే మెత్తటి కండ. పచ్చి బెల్లీ 100 గ్రాములు తీసుకుంటే అందులో సగానికి పైన కొవ్వే, 53 గ్రాములు. 500 కేలరీలు దాటిపోతుంది. అదే ఫిల్లెట్ అయితే, రోస్ట్ చేశాక 100 గ్రాముల్లో కొవ్వు మూడున్నర గ్రాములు, కేలరీలు 140 చిల్లర. జంతువు ఒక్కటే, ముక్కకీ ముక్కకీ ఇంత తేడా. బెల్లీ చెడ్డదని అనడం లేదు. పండక్కి తినండి, ఎవరొద్దన్నారు? ప్రతి ఆదివారం మాత్రం వద్దు.

ఆరుగురికి అయితే నేను ఎముక తీసేసిన లోయిన్ కిలో ముక్క తీసుకుంటాను. దాని కొవ్వంతా పైన ఒక పొరలా ఉంటుంది, లోపల పెద్దగా ఉండదు. కాబట్టి కత్తితో తీసెయ్యొచ్చు. నలుగురికైతే అరకిలో ఫిల్లెట్ చాలు. పోర్క్‌ని చికెన్ లాంటి తెల్ల మాంసం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అమెరికాలో 1987 నుంచి పోర్క్ పరిశ్రమ వాళ్ళు 'ఇంకో తెల్ల మాంసం' అని ప్రకటనలు గుప్పించారు, ఆ మాట జనం నోళ్ళలో నిలిచిపోయింది. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ లెక్కలో మాత్రం పోర్క్ ఎర్ర మాంసమే. రోజుకి 90 గ్రాములకి మించి తినేవాళ్ళు 70కి తగ్గించుకోమని చెబుతుంది, అదీ వండాక తూచిన బరువు. 70 గ్రాములంటే ఎంత? పల్చగా కోసిన ముక్కలు రెండో మూడో. ప్లేట్లో అవి ఒక మూలకి వస్తాయి. మిగతా ప్లేట్ ఎవరిది? కూరగాయలది. అక్కడికే వస్తున్నాను.

ముందు మాంసం పని ముగిద్దాం. ముందురోజు రాత్రి లోయిన్ మీది తోలుని, దాని కింద కొవ్వు పొరతో సహా ఒలిచి, ఫ్రిజ్‌లో దాచండి, పారెయ్యకండి. ముక్క మీద పల్చగా కాస్త కొవ్వు ఉంచండి, మొత్తం గీకొద్దు, ఎండిపోతుంది. కిలోకి రెండు టీస్పూన్ల ఉప్పు, పెద్ద గళ్ళ ఉప్పు కాదు, మామూలు మెత్తటిదే. దంచిన మిరియాలు, దంచిన సోంపు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. ఇటలీలో పోర్క్‌కి సోంపు తప్పనిసరి, మన వంటింట్లో ఎలాగూ ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు సేజ్ ఆకు వేస్తారు. వెయ్యండి, కానీ అది ఘాటైన ఆకు, నాలుగైదు ఆకులు దాటితే మందుల వాసన కొడుతుంది. అవన్నీ పట్టించి మూత లేకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టండి. ఉప్పు లోపలికి దిగుతుంది, పైభాగం ఆరుతుంది. ఆరితేనే రంగు వస్తుంది.

గరం మసాలా వెయ్యొచ్చా? అడుగుతారని తెలుసు. వేసుకోండి, మీ ఇల్లు, మీ ఓవెన్. నా మటుకు నేను వెయ్యను. దీనితోపాటు వడ్డించే ఆపిల్, గుమ్మడి, పార్స్నిప్ అనే తెల్ల దుంప అన్నీ తియ్యటివి, మెత్తటి రుచులు. గరం మసాలా పడితే ఇక మిగతావేవీ వినపడవు.

మర్నాడు వండే ముందు గంటసేపు బయట పెట్టి, మందపాటి పెనం మీద అన్ని పక్కలా ఎర్రగా కాల్చండి, ఏడెనిమిది నిమిషాలు. తర్వాత 160 డిగ్రీల ఓవెన్‌లో. ఫ్యాన్ ఓవెన్ అయితే 140. ఎంతసేపు? గంట అటూ ఇటూ. అటూ ఇటూ అంటే నచ్చదు మనకి, కానీ నిజం అదే. బరువుని బట్టి కాదు, ముక్క లావుని బట్టి ఉంటుంది. అందుకే గుచ్చే థర్మామీటర్ కొనుక్కోండి. పదీ పదిహేను పౌండ్లలో వస్తుంది. వంటింట్లో దానంత టెన్షన్ తగ్గించే వస్తువు ఇంకోటి లేదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి పోర్క్ అంటే భయం. చిన్నప్పటినుంచి బద్దెపురుగు గురించి విన్నవాళ్ళం. ఆ భయం ఊరికే పుట్టలేదు. మన దేశంలో అది నిజమైన జబ్బు. పందులు ఊరి మురుగులో తిరిగేచోట పోర్క్‌ని బాగా ఉడికించి తీరాలి. అందుకే మనవాళ్ళు కుక్కర్లో పెట్టి విజిల్స్ మీద విజిల్స్ వేయిస్తారు. షోల్డర్‌కి అది సరిపోతుంది కూడా, ఎంత ఉడికితే అంత మెత్తబడుతుంది. లోయిన్‌కి అదే పని చేస్తే? కొయ్యముక్క అవుతుంది. ఏం చెయ్యాలి మరి? అంకెని నమ్మాలి. ఇక్కడి ఆహార భద్రతా సంస్థ చెప్పేది మాంసం నడిమధ్య 70 డిగ్రీల వేడి రెండు నిమిషాలు ఉండాలని. అదే 65 డిగ్రీలైతే పది నిమిషాలు ఉన్నా సమానమేనని వాళ్ళే చెబుతారు. అమెరికాలో 2011 దాకా 71 డిగ్రీలు అనేవారు. ఆ ఏడాది పూర్తి ముక్కలకి 63కి దించి, తర్వాత మూడు నిమిషాలు కదపకుండా ఉంచమన్నారు. ఇది ముక్కలకే సుమా, కీమాకి కాదు. నేను మధ్యలో గుచ్చి 67 చూపించగానే తీసేస్తాను. పైన ఫాయిల్ వదులుగా కప్పితే వేడి ఇంకా రెండు మూడు డిగ్రీలు పెరిగి, చాలాసేపు అక్కడే నిలబడుతుంది. కోస్తే లోపల తెల్లగా, తడిగా ఉంటుంది. భయపడేవాళ్ళు 70 చూసి తియ్యండి, ఏం మునిగిపోదు. 80 దాకా మాత్రం పోనివ్వకండి.

తీశాక అరగంట అలా వదిలెయ్యండి. చల్లారిపోదా అంటారేమో. కిలో ముక్క అంత తొందరగా చల్లారదు. ఈ అరగంటే మనకి ముఖ్యం. ఎందుకంటే మన ఇళ్ళల్లో ఓవెన్ ఒక్కటే! మాంసం బయటికి, ఓవెన్ 220కి, కూరగాయలు లోపలికి.

ఇప్పుడు కూరగాయలు. ఈ దేశంలో ఏడాదంతా చప్పిడి కూరగాయలే అని మనం తిట్టుకుంటాం కదా, అక్టోబర్, నవంబర్‌లలో ఆ మాట అనకండి. బజారుకి వెళ్ళండి, గుట్టలు పోసి ఉంటాయి. బటర్‌నట్ స్క్వాష్, పార్స్నిప్, బీట్‌రూట్, క్యారెట్, ఉల్లి జాతి లీక్స్, సెలరీ జాతి దుంప సెలరియాక్, టర్నిప్ లాంటి స్వీడ్, ఇంకా ఆ బుల్లి క్యాబేజీలు, బ్రసెల్స్ స్ప్రౌట్స్. బటర్‌నట్ మనకి పరాయిది కాదు, మన గుమ్మడి జాతిదే. తోలు పల్చన, ఓవెన్‌లో మెత్తబడుతుంది కాబట్టి చెక్కు తియ్యక్కర్లేదు. దాని గింజలు పారెయ్యకండి, కడిగి ఆరబెట్టి ఉప్పుకారం చల్లి అదే ఓవెన్‌లో వేయించుకోవచ్చు.

పార్స్నిప్ చూశారుగా, తెల్ల క్యారెట్‌లా ఉంటుంది. క్యారెట్‌కి చుట్టమే. చలి పడేకొద్దీ దాని పిండిపదార్థం తియ్యబడుతుంది, అందుకే మంచు కురిశాక తవ్వినవి రుచి అంటారు రైతులు. లావుగా ఉన్నవాటికి నడుమ ఒక బెండు ఉంటుంది, నారలా. నిలువుగా నాలుగు చీలికలు చేసి ఆ బెండు కోసి తీసెయ్యండి. ఇంకో సంగతి. పార్స్నిప్ వేశాం కాబట్టి తేలికైపోయింది అనుకోకండి. 100 గ్రాములకి 75 కేలరీలు, ఆలుగడ్డకి 77. తేడా ఏముంది? ఆలుగడ్డ తగ్గించి పార్స్నిప్ పెంచితే ఒరిగేదేమీ లేదు. స్క్వాష్ 45, సెలరియాక్ 42. అక్కడ తేడా కనిపిస్తుంది. ఆలుగడ్డలు మనిషికి రెండు ముక్కలు వెయ్యండి, అసలు లేకపోతే పిల్లలు ఊరుకోరు. మెత్తదనం కోసం సెలరియాక్ ఉడికించి, మెదిపి, కాస్త పెరుగు కలిపితే బాగుంటుంది.

కోయడంలో ఉంది అసలు సంగతి. అన్నీ రెండు వేళ్ళ మందం ముక్కలు. ఒకటి చిన్నది ఒకటి పెద్దది అయితే చిన్నది మాడుతుంది, పెద్దది పచ్చిగా ఉంటుంది. కోశాక నూనె ట్రే మీద గిరగిరా తిప్పి పొయ్యకండి. అందరూ చేసేది అదే. అలా పోస్తే సీసా సగం అయిపోతుంది, సగం ముక్కలకి అంటదు కూడా. పెద్ద గిన్నెలో ముక్కలు వేసి, రెండు టేబుల్‌స్పూన్ల నూనె, ఉప్పు వేసి చేత్తో కలపండి. చేత్తోనే, గరిటెతో కాదు. ప్రతి ముక్కా కాస్త మెరుస్తూ ఉండాలి, గిన్నె అడుగున నూనె నిలవకూడదు. కిలో పైచిలుకు ముక్కలకి రెండు స్పూన్లు చాలతాయి. లెక్క వేస్తే మొత్తం 240 కేలరీలు, ఆరుగురికి పంచితే తలకి 40. అదే ఆలుగడ్డల్ని బాతు కొవ్వులో ముంచి వేయిస్తే? ఆ లెక్క మీరే వేసుకోండి.

ఆ మాటకొస్తే ఇక్కడ శాకాహారులకి ఒక హెచ్చరిక. పబ్‌లో "మాకు మాంసం వద్దు, ఆలుగడ్డలు, కూరగాయలు ఇవ్వండి" అంటారు కదా. ఆ ఆలుగడ్డలు చాలాచోట్ల గొడ్డు కొవ్వులోనో బాతు కొవ్వులోనో వేగినవి. గ్రేవీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అడిగి తినండి. అడగడానికి మొహమాటం ఎందుకు?

ట్రేలో ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ ఉండాలి. కుక్కి పెడితే వాటి నీటి ఆవిరిలో అవే ఉడుకుతాయి, వేగవు. ఓవెన్ తలుపు తీయగానే మొహానికి ఆవిరి కొట్టి అద్దాలు మసకబారాయంటే ట్రే ఇరుకైందని అర్థం, ఇంకో ట్రేలోకి సగం తియ్యండి. బీట్‌రూట్, క్యారెట్ గట్టివి, కాబట్టి మాంసం ఇంకా లోపల ఉండగానే చివరి అరగంటలో వాటిని పై అరలో పెట్టెయ్యండి. బీట్‌రూట్‌ని ఒక మూలకి వెయ్యండి, లేకపోతే అన్నీ ఎర్రబడతాయి. మాంసం తీసి సెగ పెంచాక స్క్వాష్, పార్స్నిప్, ఉల్లిపాయ ముక్కలు. పదిహేను నిమిషాలయ్యాక స్ప్రౌట్స్.

స్ప్రౌట్స్ అనగానే మొహాలు చూడండి! ఎవరూ ఇష్టపడరు. ఎందుకో తెలుసా? ఈ దేశంలో తరాల తరబడి వాటిని నీళ్ళల్లో వేసి చచ్చేదాకా ఉడికించారు. ఎక్కువ ఉడికితే గంధకం వాసన వస్తుంది. తప్పు కూరగాయది కాదు. పైగా ఇప్పటివి అప్పటి స్ప్రౌట్స్ కావు. 1990లలో నెదర్లాండ్స్‌లో ఆ చేదు ఏ పదార్థాల వల్ల వస్తోందో కనిపెట్టి, చేదు తక్కువ రకాల్ని తయారుచేశారు. చిన్నప్పుడు తిని వదిలేసినవాళ్ళు మళ్ళీ తిని చూడండి. రెండు చెక్కలుగా కోసి, కోసిన వైపు ట్రేకి ఆనేలా బోర్లించండి. కదపొద్దు. ఇరవై నిమిషాలయ్యాక ఒకటి తిప్పి చూడండి. అడుగు గోధుమ రంగులోకి తిరిగి, పై రేకులు పల్చగా, కరకరలాడుతూ విడిపోతుంటాయి. దానిమీద నిమ్మకాయ పిండి, ఆవాలు, ఎండుమిర్చి పోపు వేస్తే నాకైతే మాంసం లేకపోయినా పర్వాలేదు. ఇంగ్లీషు వాళ్ళింట్లో వేసి పెట్టండి, గిన్నె ఖాళీ అవుతుంది.

ఒలిచిన తోలు ఏం చేశాం? దాచాం కదా. క్రాక్లింగ్, అంటే కరకరలాడేలా వేగిన తోలు, లేకుండా పోర్క్ రోస్ట్ పెడితే ఇక్కడివాళ్ళు అలుగుతారు. దాన్ని మాంసం మీద ఉంచే పన్లేదు. కింద అంటుకున్న కొవ్వుని గీకేసి, వేలి వెడల్పు పట్టీలుగా కోసి, తడి లేకుండా తుడిచి, ఉప్పు రాసి, జాలీ మీద పెట్టి కూరగాయలతోపాటే కింది అరలో ఉంచండి. ఇరవై అయిదు నిమిషాల్లో అప్పడంలా విరుగుతుంది, కొవ్వు కింది ట్రేలోకి కారిపోతుంది. మనిషికో పట్టీ, అంతే. ఆ కొవ్వు మాత్రం సింక్‌లో పొయ్యకండి తల్లీ! 2017లో లండన్ వైట్‌చాపెల్ కింద మురుగు కాలవలో 250 మీటర్ల పొడవున కొవ్వు గడ్డకట్టుకుపోయింది, 130 టన్నులు. అందులో ఒక ముక్కని మ్యూజియంలో కూడా పెట్టారు. గిన్నెలో పేరబెట్టి చెత్తబుట్టలో వెయ్యండి.

మాంసంతో ఒకే ఓవెన్ కూడా పనికిరాదనే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే కూరగాయలు ముందే చేసి తీసి పెట్టండి, తర్వాత మాంసం. పొద్దున్నే వాళ్ళ ట్రే అయిపోతుంది, గొడవ ఉండదు.

గ్రేవీ. మాంసం ట్రేలో, పెనంలో మిగిలిన రసాన్ని పొడుగు గాజు గ్లాసులోకి వంచండి. పది నిమిషాలు ఆగితే కొవ్వు పైకి తేలి, పసుపు రంగు పట్టీలా గ్లాసు అంచున నిలబడుతుంది. అది స్పూన్‌తో తీసెయ్యండి, కింద ఉన్న గోధుమరంగు రసమే మనకి కావలసింది. రసం వంచేసిన పెనంలో గ్లాసుడు ఆపిల్ రసం పోసి, అడుగంటినదంతా గీకి, ఆ గోధుమరంగు రసం కలపండి. డ్రై సైడర్ పోస్తారు చాలామంది, అది మద్యమే కాబట్టి మీ ఇష్టం. వేగిన ఉల్లిపాయ, స్క్వాష్ ముక్కలు నాలుగు మిక్సీ పట్టి కలిపితే పిండి లేకుండానే చిక్కబడుతుంది. తిననివాళ్ళకి అదే ఉల్లి, స్క్వాష్ ముద్దలో కూరగాయల నీళ్ళు పోసి వేరే గిన్నెలో చెయ్యండి. గరిటె మాత్రం మార్చండి.

పోర్క్ పక్కన ఆపిల్ సాస్ ఎందుకు? మనం మటన్‌లో గోంగూర ఎందుకు వేస్తామో అందుకే. కొవ్వుని పులుపు కోస్తుంది. దీనికి బ్రామ్లీ ఆపిల్ వాడతారు, పచ్చిగా తింటే పళ్ళు పులుస్తాయి, ఉడికిస్తే నురగలా విచ్చుకుపోతుంది. దానికో కథ ఉంది. నాటింగ్‌హామ్‌షైర్‌లో సౌత్‌వెల్ అనే ఊళ్ళో 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి గింజలు నాటింది. 1846లో ఆ ఇల్లు మాథ్యూ బ్రామ్లీ అనే ఆయన కొన్నాడు. ఆయన వృత్తి ఏమిటో చెప్పుకోండి? కసాయి! తర్వాత పదేళ్ళకి ఒక నర్సరీ కుర్రాడు అంట్లు కట్టుకుంటానంటే, "నా పేరు పెడితేనే" అన్నాడట. నాటింది ఆ అమ్మాయి, పేరు మాత్రం ఇంటాయనకి దక్కింది. రెండు బ్రామ్లీలు తొక్కు తీసి, రెండు చెంచాల నీళ్ళు, చిటికెడు ఉప్పు, ఒక చెంచా పంచదార వేసి మూత పెడితే ఎనిమిది నిమిషాల్లో సాస్ అవుతుంది. దుకాణంలో సీసా కొనకండి, అందులో పంచదార ఎక్కువ.

వడ్డించేటప్పుడు ముందు కూరగాయలు పెట్టండి. ప్లేట్ నిండాక మాంసానికి ఎంత చోటు మిగులుతుందో అంతే. కత్తి పదునుగా ఉంటే పల్చగా తెగుతుంది, రెండు ముక్కలు నాలుగు ముక్కల్లా కనిపిస్తాయి. పీచుకి అడ్డంగా కొయ్యండి.

మిగిలినవి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి, రెండు రోజుల్లోపు నోట్లోకి. మాంసాన్ని మళ్ళీ వేడి చేస్తే గట్టిపడుతుంది కాబట్టి మర్నాడు చల్లగానే, ఆవాల ముద్ద రాసి బ్రెడ్‌లో పెట్టుకోండి. వేగిన బీట్‌రూట్, స్క్వాష్ మిగిలితే ఎండుమిర్చి, చింతపండు వేసి రోట్లో నూరండి. ఇక్కడ రోలెక్కడిది అంటారు, మిక్సీలోనే ఒక తిప్పు తిప్పండి. వేడన్నంలోకి చాలా బాగుంటుంది.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ కిటికీ పక్కన చెయ్యెత్తిన పిన్నిగారూ, ముందు మీరు.